తాళంచెవి ఎవరి దగ్గరుంది? హైదరాబాద్ అధికారులకు బహిరంగ లేఖ

నగర పాలక, గ్రంథాలయ, పాఠశాల విద్య, ఉద్యానవన, రవాణా విభాగాల అధికారులకు. కాలనీ, అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాల కార్యవర్గాలకు,

నమస్కారం.

ఇందులో రాసినవి కొత్త విషయాలు కావు. ఇవే వినతిపత్రాలుగా ఇచ్చాం. రశీదు నంబర్లు చేతికొచ్చాయి, జవాబులు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాం. బస్తీల్లో, కాలనీల్లో వారం వారం జనాన్ని ఒకచోట కూర్చోబెట్టే పని మాది. పుస్తకాలు చదవడం, క్యారమ్స్, చదరంగం, పొద్దుటి నడక, పాటలు, విత్తనాల పంపకం... ఇలాంటివి. ఇందులో ఎవరికీ జీతాలు లేవు. కాబట్టి ఎక్కడ రూపాయి అవసరమో, ఎక్కడ అది వృథాగా పోతోందో మాకు బాగా తెలుసు.

పైసా ఖర్చు లేకుండా మనుషులు కలుసుకోవడానికి కావలసిన చోట్లు ఈ నగరంలో చాలావరకు ఉన్నాయి. అన్నీ జనం సొమ్ముతో కట్టినవే. వాటికి తాళాలున్నాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. తెలిసినా, ఆ మనిషి ఆదివారం ఫోనెత్తడు. మా ఫిర్యాదు మొత్తం ఈ తాళం గురించే.

దీనివల్ల నష్టపోతున్నది ఎవరో ముందు చెప్పాలి. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ హాస్టళ్లలో ముగ్గురికో గది పంచుకుని, పక్కమంచం కుర్రాడి ఇంటిపేరు కూడా తెలియకుండా ఆర్నెల్లు గడిపే కోచింగ్ విద్యార్థులు. ఊళ్లో ఇల్లు తాళమేసి, కొడుకు దగ్గరికొచ్చి, పద్నాలుగో అంతస్తు బాల్కనీలో పొద్దుపుచ్చే పెద్దవాళ్లు. రోజంతా పదిమంది గుమ్మాల్లో నిలబడి ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడకుండా రాత్రి గదికి చేరే డెలివరీ కుర్రాళ్లు. పిల్లలు బడికి వెళ్లాక పదకొండు నుంచి మూడు దాకా ఖాళీ దొరికే గృహిణులు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో చెప్పింది. మన నగరంలో దానికి ఇప్పుడు దొరుకుతున్న మందు మాల్. లోపలికి ఉచితమే. కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనాలి. ఇక మెట్రోలో 2025 మేలో సవరించిన ఛార్జీలు కనీసం 11 రూపాయలు, గరిష్ఠంగా 69. ఈ చివరి నుంచి ఆ చివరికి స్నేహితుణ్ణి చూడటానికి వెళ్లి రావాలంటే 138. స్టేషన్ దిగాక ఆటో ఖర్చు వేరే.

ఖర్చు లేకుండా కూర్చోగల చోట్లు బొత్తిగా లేవని మేము అనడం లేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రం ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం సభలతో కళకళలాడుతుంది. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో చెట్టు కింద ఒక్క చాయ్‌తో పూట గడుపుకోవచ్చు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర ముక్కూమొహం తెలియని ఇద్దరు అరగంట మాట్లాడుకోవడం మామూలే. అయితే ఇవన్నీ నగరం నడిబొడ్డునే ఉన్నాయి. నిజాంపేటలోనో, హయత్‌నగర్‌లోనో, ఘట్‌కేసర్ దారిలోనో ఉండే మనిషి గంటన్నర ప్రయాణం చేసి వచ్చి, మళ్లీ గంటన్నర వెనక్కి వెళ్లాలి. వారానికోసారి అంత ఓపిక ఎవరికుంటుంది? ఇంటి నుంచి నడిచి పది నిమిషాల్లో చేరే చోటే మనిషికి అలవాటవుతుంది. అలాంటి చోట్ల గురించే మా విన్నపాలు.

1. కమ్యూనిటీ హాళ్లు.

ఇలాంటి హాలు ఒకటి లోపల ఎలా ఉంటుందో చెబుతాం. గేటుకు తుప్పుపట్టిన తాళం. కిటికీలోంచి చూస్తే ఒక మూల వినాయక మండపం కర్రలు, ఇంకో మూల బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, కాళ్లు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, చుట్ట చుట్టిన పాత ఫ్లెక్సీలు. గోడ మీద ప్రారంభోత్సవం శిలాఫలకం మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. దాని మీద అరడజను పేర్లుంటాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ పేరొక్కటి ఉండదు.

తాళం తీసే హాళ్లలో చిక్కు వేరు. బుకింగ్ పద్ధతంతా పెళ్లిళ్లు, పుట్టినరోజుల కోసం పెట్టింది. రోజు మొత్తానికి అద్దె, డిపాజిట్, శుభ్రం చేసే ఖర్చు కట్టాలి. పాతికమంది రెండు గంటలు కూర్చుని కథలు చదువుకుంటామంటే ఆ దరఖాస్తులో రాసుకోవడానికి గడే ఉండదు. గుమాస్తాది తప్పు కాదు. గడి లేనిచోట ఆయన మాత్రం ఏం రాస్తాడు?

మేము అడిగేవి ఇవి. ప్రతి హాలు గేటు మీద తాళంచెవి ఉన్న ఉద్యోగి హోదా, పనిచేసే ఫోన్ నంబరు పెయింటుతో రాయించండి. కాగితం అంటిస్తే మొదటి వానకే పోతుంది. వారంలో రెండు పూటలు, ఒకటి పనిరోజు మధ్యాహ్నం, ఇంకొకటి ఆదివారం సాయంత్రం, రెండేసి గంటలు ఎవరికైనా ఉచితంగా ఇవ్వండి. నలభైమంది దాటకూడదని, మైకు, వంట ఉండకూడదని షరతు పెట్టండి. దరఖాస్తు ఒకే పేజీ చాలు: బాధ్యుల పేర్లు రెండు, ఫోన్ నంబర్లు, వేళ. హాల్లో 30 కుర్చీలు, రెండు జంపఖానాలు, ఒక చీపురు, ఒక చెత్తడబ్బా ఉంచండి. వెళ్లేటప్పుడు ఊడ్చి, కుర్చీలు పేర్చి, ఫోటో తీసి పంపడం మా పని. పాడయ్యేవి ఎప్పుడూ అవే మూడు: ఫ్యాన్ రెగ్యులేటరు, కొళాయి, కుర్చీ కాలు. వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ ఆ మూడింటి ఫోటో రిజిస్టర్‌కు చేరిస్తే, ఎవరు విరగ్గొట్టారన్న తగాదా అక్కడితో ఆగిపోతుంది.

2. గ్రంథాలయాలు.

ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. సంవత్సరానికి ఐదు వేలు ఆస్తిపన్ను కట్టే ఇంటి వంతు 400 రూపాయలు. అద్దెకుండేవాడు కూడా అద్దెలో కలిపి ఇది కడుతున్నట్టే. మరి మీ శాఖా గ్రంథాలయం ఎక్కడుందని కాలనీలో అడిగి చూడండి, చెప్పగలిగేవాళ్లు ఎంతమంది తేలతారో!

ఈ నగరానికి గ్రంథాలయమంటే పుస్తకాల బీరువా ఒక్కటే కాదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైనప్పుడు అది తెలుగువాళ్లు కలుసుకునే చోటు కూడా. అంతకు పదేళ్ల ముందు, 1891లో మొదలైన అసఫియా లైబ్రరీయే ఇవాళ అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా నిలిచి ఉంది. ఇప్పుడు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్తే ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు కిక్కిరిసి ఉంటారు. వాళ్లను కదిలించమని మేము అడగం. చదువుకోవడానికి వాళ్లకు ఇంకో చోటు లేదు. కాకపోతే వాళ్లకు కూడా పొద్దస్తమానం మౌనమే. మధ్యాహ్నం మెట్ల మీద ఎవరి టిఫిన్ డబ్బా వాళ్లు తెరుచుకుని తినేవాళ్లలో ఒకే పరీక్షకు చదువుతున్నవాళ్లు ఎందరుంటారో!

మౌనంగా చదువుకునే గది, మాట్లాడుకునే గది వేరువేరుగా ఉండాలి. ఒకే గది ఉన్న శాఖల్లో సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు వారానికి ఒక్కరోజు మాటల వేళగా పెట్టండి. ఆ వేళకు తెరిచి ఉంచే ఉద్యోగికి ఇంకో పూట సెలవివ్వండి. జీతం లేని అదనపు డ్యూటీగా పెడితే నెల తిరక్కుండానే ఆగిపోతుంది. ఆదాయ వ్యయాల లెక్క, ముఖ్యంగా మా 8 పైసల లెక్క, ప్రతి శాఖ నోటీసు బోర్డు మీద ఏడాదికోసారి పెట్టండి.

3. పార్కులు.

పార్కు గేటు లోపల మొదట కనిపించేది నిషేధాల బోర్డు. బంతి ఆడరాదు, గడ్డి మీద కూర్చోరాదు, ఫోటోలు తీయరాదు. ఏం చేయవచ్చో మాత్రం ఎక్కడా ఉండదు. బెంగళూరు కబ్బన్ పార్కులో శనివారం పొద్దున చాపలేసుకుని మౌనంగా పుస్తకాలు చదివేవాళ్లను చూసి ఇక్కడా అలాంటి గుంపులు మొదలయ్యాయి. పదిహేనుమంది కూర్చున్నారో లేదో కాపలాదారు వచ్చి "పర్మిషన్ ఉందా సార్?" అంటాడు. పర్మిషన్ ఇచ్చేదెవరో ఆయనకూ తెలియదు. పోనీ తప్పు అతనిదా అంటే అదీ కాదు, పైవాళ్లు తిడతారని అతని భయం.

అందుకని రాతపూర్వకంగా ఒక్క ఉత్తర్వు ఇవ్వండి: ముప్ఫైమంది లోపు, మైకు లేకుండా, అమ్మకాలు, ప్రచారాలు లేకుండా కూర్చుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. శబ్దం గురించి బెంగ ఉంటే, నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్ అని 2000 నాటి నిబంధనలు చెబుతూనే ఉన్నాయి. పుస్తకం చదివే గుంపు అటుంచండి, గేటు బయట ఆగిన ఆటో హారనే ఆ గీత దాటుతుంది.

మధ్యాహ్నం గేట్లు మూసే అలవాటు మానండి. గృహిణులకు, పెద్దవాళ్లకు ఖాళీ దొరికేదే అప్పుడు. ఎండాకాలంలో నీడ, తాగునీరు ఉంటే చాలు.

మరుగుదొడ్డి గురించి వేరే చెప్పాలి. ఆడవాళ్లు సమావేశాలకు రావడం లేదని చాలామంది అంటారు, కారణం వెతకరు. టాయిలెట్‌కు తాళం వేసి ఉన్న పార్కులో ఆడవాళ్లు నలభై నిమిషాలకు మించి ఉండరు. తాళం తీసి, నీళ్లు, లోపలి గొళ్లెం, బల్బు సరిగ్గా ఉంటే రెండు గంటలు ఉంటారు. కాపలాదారుకు ఆదేశం ఇస్తే సరిపోదు, బల్బు మార్చే డబ్బు కూడా అతని చేతికివ్వండి.

బెంచీల సంగతి. ఇప్పుడున్నవి బస్సులో సీట్లలా ఒకే వరసలో, నడిచే దారికి ఎదురుగా వేశారు. ముగ్గురు కూర్చుంటే మధ్యలో ఉన్నవాడు మెడ తిప్పలేక చావాలి. పల్లెలో రచ్చబండ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు కదా. పార్కుకు ఒకటి చొప్పున, ఎదురెదురుగా లోపలికి తిరిగి కూర్చునేలా గుండ్రటి అరుగు కట్టించండి. అడ్డకొలత 15 అడుగులు పెడితే చుట్టుకొలత సుమారు 47 అడుగులు వస్తుంది. మనిషికి అడుగున్నర చొప్పున ముప్ఫైమంది కూర్చోవచ్చు. ఎక్కిదిగడానికి ఒకచోట దారి వదిలితే ఇద్దరు తగ్గుతారు. అంతకన్నా పెద్దది కట్టొద్దు. ఎదుటివాళ్ల మాట వినపడక పక్కవాళ్లతో ముచ్చట్లు మొదలై గుంపు రెండు ముక్కలవుతుంది. అరుగు ఎత్తు అడుగున్నర ఉండాలి; పొట్టిగా కడితే మోకాళ్ల నొప్పులవాళ్లు లేవలేరు. ఒక పక్క ఆరడుగుల మేర వీపుకు ఆనుడు, పట్టుకుని లేవడానికి ఇనుప కడ్డీ పెట్టాలి. గ్రానైట్ వద్దు. ఏప్రిల్‌లో సాయంత్రం ఆరుకు కూడా దాని మీద కూర్చోలేం. మధ్యలో వేపమొక్క నాటితే ఐదేళ్లలో నీడ వస్తుంది.

4. రోడ్లు.

2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం వాహనాలు ఆపి ‘సండే ఫన్‌డే’ మొదలుపెడితే జనం కుటుంబాలతో తరలివచ్చారు. కట్టింది ఏమీ లేదు, బారికేడ్లు పెట్టారంతే. నగరమంతా ఒకచోటికి రావాల్సిన పనిలేకుండా ప్రతి డివిజన్‌లో ఒక చిన్న వీధిని, 200 మీటర్లు చాలు, నెలకో ఆదివారం నాలుగు గంటలు ఆపండి. బస్సు తిరగని, ఆసుపత్రి లేని వీధి ఎంచుకోవాలి. వారం ముందే రెండు చివర్లా బోర్డు పెట్టాలి. ఆ వీధిలో ఇళ్లున్నవాళ్ల కార్లకు దారి వదలాలి. ఇది మరిచిపోతే రెండో నెలే గొడవ.

5. బడి మైదానాలు.

ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా తెరవండి. ప్రధానోపాధ్యాయుల భయం న్యాయమైనదే: గాజు పగిలితే, నీళ్ల మోటారు పోతే తమ మెడకే చుట్టుకుంటుంది. కాబట్టి ఆ మూడు గంటల బాధ్యత బడి మీద కాక స్థానిక వార్డు ఉద్యోగి మీద ఉండేలా రాయండి. పరీక్షా కేంద్రం పడిన ఆదివారాల జాబితా ముందే ఇవ్వండి.

6. బస్సులు.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. మా అనుభవంలో ఆడవాళ్ల హాజరు పెరగడానికి అంతకన్నా ఎక్కువ సాయపడింది ఇంకొకటి లేదు. అయితే ఆదివారం రాత్రి ఎనిమిదికి సమావేశం ముగిశాక బస్సు ఎప్పుడొస్తుందో తెలియక ఏడింటికే లేచి వెళ్లిపోతున్నారు. ఆదివారం వేళలు, చివరి బస్సు వేళ స్టాపులో రాసి ఉంటే ఆ గంట మిగులుతుంది.

7. వార్డు సభలు.

కలుసుకోవడం ఒక ఎత్తు, నగరం పనుల్లో పాలుపంచుకోవడం ఇంకో ఎత్తు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణ చెబుతోంది. ముప్ఫై ఏళ్లు దాటింది. మీ వార్డు సభ చివరిసారి ఎప్పుడు జరిగిందని వీధిలో ఎవరినైనా ఆపి అడిగితే ‘అలాంటిది ఒకటుందా?’ అంటారు. మూడు నెలలకోసారి, ఆదివారం పొద్దున, పదిహేను రోజుల ముందు తేదీ ప్రకటించి సభ పెట్టండి. ఎజెండా ఒక్క పేజీలో ఉండాలి, చివరి అరగంట ఎవరైనా మాట్లాడొచ్చు. పోయిన సభలో ఒప్పుకున్న పనుల్లో ఏవి అయ్యాయో, ఏవి కాలేదో మొదట చదవాలి. అద్దెకుండేవాళ్లను ఆధార్ చిరునామా వేరే ఊరిదని వెనక్కి పంపొద్దు.

8. ఖాళీ స్థలాల సొమ్ము.

లేఅవుట్‌లో పది శాతం ఖాళీ వదలని ప్లాట్ల క్రమబద్ధీకరణకు ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టించుకున్నారు. అంటే లేని పార్కుకు జనం డబ్బు కట్టారు. ఆ డబ్బు ఆ చుట్టుపక్కలే ఖాళీ జాగా కొనడానికి, కొనలేకపోతే ఉన్న జాగా బాగుచేయడానికి ఖర్చు చేయాలని, ఏ కాలనీ నుంచి ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో చెప్పాలని కోరుతున్నాం.

సంక్షేమ సంఘాలవారికి ఒక మాట. నిర్వహణ ఖర్చు నెలనెలా కట్టే కిరాయిదారును సభ్యుడిగా చేర్చుకోరు. బ్యాచిలర్లకు ఇల్లు లేదంటూ బోర్డు పెడతారు. క్లబ్‌హౌస్ తాళం కార్యదర్శి ఇంట్లో ఉంటుంది. మూడేళ్లు ఒకే మెట్లు ఎక్కిదిగినవాళ్లు లిఫ్టులో తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నారంటే అందులో మీ నియమాల పాలు కూడా ఉంది. కిరాయిదారులకు ఓటు లేకపోయినా ఫరవాలేదు, సమావేశంలో కుర్చీ ఇవ్వండి. వాచ్‌మన్, పనివాళ్ల పిల్లలకు క్యారమ్ బోర్డు దగ్గర చోటివ్వండి.

ఇవన్నీ చేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుందని ఒక అధికారి అన్నారు కాబట్టి లెక్క కూడా రాస్తున్నాం. ముప్ఫైమందికి చాయ్: పాలు రెండు లీటర్లు, నీళ్లు లీటరు, చక్కెర 300 గ్రాములు, టీ పొడి 100 గ్రాములు. నూరేసి మిల్లీలీటర్ల చొప్పున ముప్ఫై కప్పులు. పాలకు 120, పొడికి 50, చక్కెరకు 15, గ్యాస్ కలిపి చూసినా మనిషికి ఏడు రూపాయలు దాటదు. ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుంటే చెత్త కూడా ఉండదు. హాల్లో వంట వద్దని మేమే అన్నాం కాబట్టి ఇంట్లో కాచి ఫ్లాస్కుల్లో తెస్తాం. తాగునీటికి 20 లీటర్ల క్యాన్ ఒకటి. దీనికి ప్రభుత్వం పైసా ఇవ్వనక్కర్లేదు. మూలన ఒక డబ్బా పెడితే ఎవరెంత వేశారో చూడకుండానే నిండుతుంది.

చెడిపోయేవి కూడా చెప్పకపోతే మేము ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో వందమంది వస్తామంటే పాతికమంది వస్తారు. దానికి బాధపడి వేళ మారిస్తే మరుసటి వారం పదిమందే. రోజు, వేళ, చోటు మూడూ ఆర్నెల్లు కదపకూడదు, వానొచ్చినా సరే. గ్రూపులో అందరూ రాయగలిగితే రెండు వారాల్లో గుడ్‌మార్నింగ్ పూలు, పార్టీల తగాదాలతో నిండిపోతుంది. ప్రకటనలకు మాత్రమే ఉంచాలి. నాలుగో వారం నుంచి ప్లాట్లు అమ్మేవాళ్లు, బీమావాళ్లు, గొలుసుకట్టు వ్యాపారంవాళ్లు చేరతారు. మొదటిరోజే ‘ఇక్కడ అమ్మకాలు లేవు’ అని గట్టిగా చెప్పకపోతే కొత్తవాళ్లు రెండోసారి రారు. కొత్తవాళ్ల పక్కన పాతవాళ్లు ఒకరు కూర్చోవాలి. పేరు అడగాలి గానీ ‘ఏం చేస్తుంటారు, ప్యాకేజీ ఎంత’ అని అడగకూడదు. ఉద్యోగం పోయినవాళ్లు ఆ ఒక్క ప్రశ్నకే లేచి వెళ్లిపోతారు. ఇవి మేము చూసుకోవాల్సినవి, చూసుకుంటాం కూడా. తాళం మాత్రం మా చేతిలో లేదు.

ఎనిమిది విన్నపాలూ ఒకేసారి కావని మాకు తెలుసు. ముందు రెండు చేయండి. ముప్ఫై రోజుల్లో ప్రతి వార్డులో కమ్యూనిటీ హాళ్లు, శాఖా గ్రంథాలయాలు, పార్కుల జాబితా, ఒక్కోదాని తాళంచెవి ఎవరి దగ్గరుందో రాసి వార్డు ఆఫీసు గోడకు పెట్టండి. తొంభై రోజుల్లో వార్డుకు ఒక హాలు చొప్పున, వారానికి రెండు పూటలు తెరవండి. మూడు నెలలు నడిచాక ఎంతమంది వచ్చారో రిజిస్టర్ మీరే తెప్పించుకుని చూడండి. ఎవరూ రాకపోతే తాళం మళ్లీ వేసుకోవచ్చు, మేము అడ్డురాము.

ఆ జాబితా కంప్యూటర్‌లో కొట్టించడానికి ఆలస్యమైతే చేత్తో రాసైనా పెట్టండి. చదువుకుంటాం.

ఇట్లు,
హైదరాబాద్ బస్తీ, కాలనీ సమావేశాల నిర్వాహకులం